జాబితాలో పేరు
(బహదూర్‌పురాలోని ఒక పఠనమందిరమున నగరవాసుల సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ పఠనమందిరము వారు మమ్ము మాటలాడుమని కోరిన విషయము "ఎన్నికలలో యంత్రముల పాత్ర". మేము ఇంజనీర్లము కాము. వకీలు వృత్తిలో ఇరువదియేండ్లు గడపి, ప్రతి యెన్నికలోను స్వచ్ఛంద సేవకులముగా పోలింగు కేంద్రమునకు కొంత దూరమున బల్ల వేసికొని కూర్చుండి, వోటర్లకు చీటీలు వ్రాసి యిచ్చినవారము మాత్రమే. ఆ బల్లయొద్ద మేము నేర్చినదియు, చట్టము పుస్తకములలో చదివినదియు మీకు విన్నవించెదము.

2018 డిసెంబరు 7 తెలంగాణ శాసనసభ యెన్నిక జరిగిన దినము. ఆనాడు మా బల్ల ఈ పేటలోనే ఒక వేపచెట్టు క్రింద నుండెను. ఉదయము తొమ్మిది గంటల వేళ ఒక వృద్ధుడు, దర్జీపని చేసికొని బ్రతుకువాడు, ఉతికిన కుర్తా తొడిగికొని, వోటరు కార్డును చేతిరుమాలలో చుట్టి తెచ్చెను. జాబితా తిరుగవేసితిమి. ఆయన భార్య పేరున్నది, కుమారుని పేరున్నది, ఆయన పేరు లేదు. ప్రక్క కేంద్రపు జాబితాయు చూచితిమి. అందును లేదు. ఆయన అడిగిన మాట మా చెవులలో నేటికిని వినబడుచున్నది: "వకీల్‌సాబ్, నలభై ఏండ్ల సంది ఇదే గల్లీల ఉంటున్న. నేను చచ్చిపోయినట్టు ఎవరు రాసిండ్రు?"

మాయొద్ద జవాబు లేకపోయెను. కార్డున్నంత మాత్రమున వోటు రాదు. జాబితాలో పేరు లేనివారు వోటు చేయరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 62వ సెక్షను చెప్పుచున్నది. ఆయన కార్డును మరల రుమాలలో చుట్టుకొని ఇంటికి పోయెను. భార్య వోటు చేసివచ్చువరకు వీథి మలుపున నిలుచుండెను.

ఆ దినమున ఆ కేంద్రములోని వోటు యంత్రము ఏ లోపమును లేక పనిచేసినది. తనయొద్దకు వచ్చిన ప్రతి వోటును లెక్కించినది. ఆ వృద్ధుని వోటును లెక్కింపలేదు. ఏలయన అది దానివరకు రానే లేదు. సోదరులారా, మేము నేడు చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటలో నున్నది. ఎన్నికల న్యాయమును గూర్చి వాదులాడునపుడు మనమందరమును లెక్కించు యంత్రమునే చూచుచున్నాము. పేర్లు తీసివేయు యంత్రమును చూచుట లేదు. మొదటిది పదిమంది యెదుట పనిచేయును. రెండవది ఎవరును లేనిచోట పనిచేయును.

పెట్టె, జాబితా

మన స్వతంత్ర దేశమున మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. ఆనాడు ప్రతి అభ్యర్థికిని వేరువేరు పెట్టె యుండెడిది. పెట్టెపై గుర్తు అంటించెడివారు. వోటరు చీటిని తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో వేసెడివాడు. చదువురాని వానికిని తెలియునట్లు కల్పించిన ఉపాయమది. ఆ యినుప పెట్టెలను చేసి యిచ్చిన కార్ఖానాలలో మన హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్సు ఒకటి. నిజాము పాలనలో వయోజన వోటు ఎరుగని ఈ నగరము, ఆ పాలన గతించిన మూడు నాలుగేండ్లకే దేశమునకు వోటు పెట్టెలు చేసి పంపినది. ఇది మనము గర్వింపదగిన సంగతి.

ఆ యెన్నికలలోనే మరియొక సంగతి జరిగినది. జాబితాలు వ్రాయబోయినపుడు ఉత్తర, మధ్య హిందూస్థానపు అనేక గ్రామములలో స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావాని భార్య", "ఫలానావాని కూతురు" అనియే వ్రాయించుకొనిరి. పేరు లేనివారిని జాబితాలో నుంచరాదని నాటి ముఖ్య ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నిశ్చయించిరి. దాదాపు 28 లక్షల మంది స్త్రీల నమోదు రద్దయినది. నియమము సదుద్దేశముతో చేసినదే. తరువాతి యెన్నికలకు స్త్రీలు తమ పేర్లతోనే నమోదైరి. ఐనను ఆ మొదటి యెన్నికలో 28 లక్షల మంది తల్లులు పెట్టెవరకు పోలేకపోయిరి. పెట్టె ఎంత గట్టిదైనను జాబితాలో లేనివారికి అది యేమి చేయగలదు?

వోటునకు రెండు ద్వారములున్నవి: ఒకటి జాబితా, రెండవది పెట్టె. నేటి పెట్టె యంత్రమైనది. నేటి జాబితాయు యంత్రములోనే యున్నది. రెండింటిని వేరువేరుగా విచారింతము.

హైదరాబాదులో పుట్టిన యంత్రము

వోటు యంత్రమును, జనులు ఈవీఎం అని పిలుచుదానిని, మన దేశమున రెండే సంస్థలు చేయుచున్నవి. ఒకటి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. రెండవది మన నగరములోని ఈసీఐఎల్. రెండును ప్రభుత్వ సంస్థలే. దీనిని మొదట వాడినది 1982 మే 19న, కేరళములోని పరూరు నియోజకవర్గమున, 50 కేంద్రములలో. ఓడిన అభ్యర్థి న్యాయస్థానమున కెక్కెను. చట్టములో యంత్రమను మాటయే లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ 50 కేంద్రములలో కాగితముతో మరల వోటు జరిగినది. మొదట ఓడినవాడే గెలిచినాడు. తరువాత 1988లో పార్లమెంటు చట్టమును సవరించినది. 1998లో మూడు రాష్ట్రములలో కొన్ని స్థానములందు ప్రయోగించి, 2004 లోక్‌సభ యెన్నిక నాటికి దేశమంతట యంత్రమునే వాడిరి. మొదట చట్టము, తరువాత యంత్రము అను ఆ తీర్పులోని క్రమమును మీరు మరువవలదు.

యంత్రము మనకు చేసిన మేలును మేము కాదనము. గూండాలు కేంద్రములో చొరబడి చీటీల కట్టలపై ముద్రలు గ్రుద్ది పెట్టెలో కుక్కిన దినములు మన పెద్దలకు జ్ఞప్తిలో నున్నవి. యంత్రము నిమిషమునకు నాలుగు వోట్లకు మించి తీసికొనదు. కావున ఆ కుక్కుడు పని కష్టమైనది. మన తెలుగు నేలపైననే మరియొక ఉదాహరణ యున్నది. 1996లో నల్లగొండ జనులు ఫ్లోరైడు నీటి బాధను దేశమునకు చాటుటకై లోక్‌సభ స్థానమునకు మూకుమ్మడిగా నామినేషన్లు వేసిరి. అభ్యర్థులు 480 మంది! వోటు చీటి పుస్తకమైనది. ఎన్నికయే వాయిదా పడినది. 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు అట్లే చేసిరి. అభ్యర్థులు 185 మంది. అందు 178 మంది రైతులు. పాతరకము యంత్రము 64 పేర్లకు మించి మోయలేదు. క్రొత్తరకము తెప్పించి, 16 మీటలుగల పలకలను పండ్రెండింటిని ఒకదానికొకటి తగిలించి, ఏప్రిల్ 11న అనుకొన్న దినముననే వోటు జరిపించిరి. నిరసనకును చోటు దొరికినది, ఎన్నికయు ఆగలేదు.

కాగితమైన యెడల అంతయు పవిత్రమని తలచువారికి మన నగరపు 2020 బల్దియా యెన్నికనే చూపుదుము. మహమ్మారి కారణమున ఆ డిసెంబరు 1న కాగితముతోనే వోటు జరిగినది. ఓల్డ్ మలక్‌పేట డివిజనులో చీటిపై ఒక కమ్యూనిస్టు పక్షపు గుర్తుకు బదులు మరియొక కమ్యూనిస్టు పక్షపు గుర్తు అచ్చుపడినది. వోటు నిలిపివేసి 3వ తేదీన మరల జరిపించిరి. స్వస్తిక ముద్ర కాక వేరు ముద్ర పడిన చీటీలు చెల్లునా చెల్లవా యను తగవు హైకోర్టు కెక్కి, నేరేడ్‌మెట్ ఫలితము కొన్ని దినములు నిలిచిపోయినది. కాగితమును తప్పు చేయును. ఐనను ఆ తప్పు అందరి కంటికి కనబడినది. కనబడినది గనుకనే దిద్దబడినది. ఈ భేదమునే మీరు గమనింపవలెను.

సాక్షి కాగితము

యంత్రము తప్పు చేసినచో ఎవరికి కనబడును? ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో మన హైదరాబాదు ఇంజనీరు వేమూరి హరిప్రసాద్ ఒకరు. 2010లో ఆయన అమెరికా, హాలెండు దేశములకు చెందిన యిద్దరు నిపుణులతో కలిసి ఒక వోటు యంత్రమును విప్పి పరీక్షించిరి. యంత్రమును కొంతసేపు చేతబట్టగలవాడు లోపలి భాగమును మార్చి ఫలితమును తారుమారు చేయవచ్చునని ప్రకటించిరి. పహరాలు, సీళ్లు ఉన్నవి గనుక అది జరుగదని ఎన్నికల సంఘము వారు చెప్పిరి. ఆ యంత్రము ముంబాయి గోదామునుండి దొంగిలింపబడినదను ఆరోపణపై అదే సంవత్సరము ఆగస్టులో ముంబాయి పోలీసులు హైదరాబాదునకు వచ్చి హరిప్రసాద్‌ను అరెస్టు చేసిరి. వారము దినములకు బెయిలు దొరికినది. యంత్రము ఎట్లు చేతికి వచ్చినదను విచారణ ఒకటి. ఆయన అడిగిన ప్రశ్న సరియైనదా కాదా యనునది మరియొకటి. ప్రశ్నించువానిని నిర్బంధించినంత మాత్రమున ప్రశ్న తీరిపోదు.

ప్రశ్న తీరలేదనుటకు నిదర్శనము 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పే. సుబ్రమణ్యం స్వామి దావాలో, వోటరునకు కాగితపు సాక్ష్యము ఉండుట నిష్పాక్షికమైన యెన్నికకు తప్పనిసరియని ఆ న్యాయస్థానము చెప్పినది. అప్పటినుండి వీవీప్యాట్ అను పెట్టె వచ్చినది. మీట నొక్కిన పిమ్మట అద్దము వెనుక ఏడు సెకండ్లు చీటి కనబడి, పెట్టెలో పడును. చీటి యున్నను దానిని లెక్కింపకున్న ప్రయోజనమేమి? ప్రతి శాసనసభ స్థానమున ఒక్క కేంద్రపు చీటీలనే లెక్కించెడివారు. చంద్రబాబునాయుడు మొదలుగా 21 పక్షముల నాయకులు సగము కేంద్రముల చీటీలు లెక్కింపుడని న్యాయస్థానమున కేగిరి. 2019 ఏప్రిల్ 8న కోర్టువారు ఒకటిని అయిదు చేసిరి. చీటీలన్నిటిని లెక్కింపవలెనను ప్రార్థనను, కాగితమునకు మరలవలెనను ప్రార్థనను 2024 ఏప్రిల్ 26న కొట్టివేసిరి. ఐతే గుర్తులను నింపు పరికరమును సీలువేసి 45 దినములు భద్రపరుపవలెననియు, రెండవ మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు కోరిన యెడల నూటికి అయిదు యంత్రముల స్మృతిని పరీక్షింపవలెననియు ఆజ్ఞాపించిరి. ఒకరి వోటు మరియొకరికి పడిన సంగతి ఒక్కటియు బయటపడలేదని ఎన్నికల సంఘము వారు కోర్టునకు విన్నవించియున్నారు.

మేము వోటు యంత్రము దొంగ యని చెప్పుట లేదు. నిరూపణ లేని మాట వకీలునకు తగదు. ఓడినప్పుడు యంత్రమును తిట్టి, గెలిచినప్పుడు దండలు వేసికొను పక్షములను మనము అన్ని వైపులను చూచియున్నాము. కాని న్యాయస్థానములో తీర్పు న్యాయమైనదిగా నుండుట చాలదు, న్యాయమైనదిగా కక్షిదారునకు కనబడవలెను. 2009 మార్చి 3న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము చెప్పినది ఇదే: ఎన్నికలోని ముఖ్యమైన మెట్లను, ప్రత్యేక విద్య యేదియు లేని పౌరుడు స్వయముగా సరిచూచుకొనగలిగి యుండవలెను. గెలిచినవానిని నమ్మించుటకు యంత్రము అక్కరలేదు. ఓడినవానిని నమ్మించుటకే సాక్షి కావలెను. ఆ కాగితపు చీటి అట్టి సాక్షి. సాక్షిని పిలిచి నోరు విప్పనీయని విచారణ సంపూర్ణము కాదని మా మనవి.

జాబితాపై యంత్రము

ఇక రెండవ యంత్రమునకు వత్తము. ఇది మన పాతబస్తీకి మరింత దగ్గర సంగతి.

2015 మార్చి 3న జాబితా శుద్ధి కొరకు దేశవ్యాప్తముగా ఒక కార్యక్రమము ప్రారంభమైనది. వోటరు కార్డును ఆధారుతో జతపరచి, రెండుచోట్ల నున్న పేర్లను ఏరివేయుట దాని ఉద్దేశము. ఆధారును గూర్చి సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువుతో ఆగస్టులో అది నిలిచిపోయినది. ఈలోగా మన నగరమున పేర్లు పెద్దయెత్తున పోయినవని పలు పక్షములవారు మొరపెట్టుకొనిరి. 2018 డిసెంబరు 7న ఆ మొర నిజమెంతయో తెలిసినది. క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరే లేదని ప్రకటించిరి. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి రజత్‌కుమార్ పేర్లు గల్లంతైన వోటర్లను బహిరంగముగా క్షమింపుడని కోరిరి. ఒక అధికారి క్షమాపణ కోరుట గౌరవింపదగినదే. కాని క్షమాపణవలన ఆ దినపు వోటు తిరిగి రాదు గదా! ఇంటింటికి పోయి విచారింపక, యంత్రములోని లెక్కతోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశములలో 46 లక్షల పేర్లు తీసివేసిరని ఆరోపించిన అర్జీపై 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు నోటీసులిచ్చినది.

యంత్రము ఏల పొరబడును? మన పేటనే చూడుడు. ఇచ్చట ఒకే పేరుగలవారు వీథికి పదిమంది యుందురు. ఉర్దూలో పలికిన పేరును ఒక గుమాస్తా తెలుగులో ఒక విధముగను, మరియొకడు ఇంగ్లీషులో మరియొక విధముగను వ్రాయును. ఒకే ఇంటిని అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు ఇంటి నంబరు ప్రక్కన బై నంబరు పుట్టును. ఆ బై నంబరులో మరల ఏ, బీ, సీలు పుట్టును. కిరాయికి నున్నవారు కిషన్‌బాగునుండి హసన్‌నగరునకు మారినను జాబితాలో మారరు. ఈ సంగతులన్నియు వీథి చివర చాయ్ హోటలువానికి తెలియును, యంత్రమునకు తెలియవు. అది అక్షరములను పోల్చును. పోలిక కనబడినచో ఇద్దరు మనుష్యులను ఒక్కరనును. పోలిక లేనిచో ఒక్క మనిషిని ఇద్దరనును.

2024 లోక్‌సభ యెన్నికకు ముందు హైదరాబాదు జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన లెక్క యిది: 2023 జనవరి నుండి జిల్లాలోని 15 శాసనసభ స్థానములలో 5,41,201 పేర్లు తొలగింపబడినవి. అందు మృతులు 47,141. రెండుచోట్ల నున్నవారు 54,259. ఇల్లు మారినవారు 4,39,801. ఆ 15 స్థానములలో మన బహదూర్‌పురాయు ఒకటి.

ఈ లెక్కను చూడగనే కుట్ర యని కేకవేయుట మాకిష్టము కాదు. కిరాయిదారులతో నిండిన మహానగరమున ఇల్లు మారినవారు లక్షలలో నుండుట వింత కాదు. మృతుల పేర్లు జాబితాలో నిలిచియుండుట దొంగ వోటునకు తలుపు తెరచియుంచుటయే. ఆ తలుపు మూయవలసినదే. పాతబస్తీలో దొంగ వోట్లు పడుచున్నవను నింద మనపై ఎన్నియో యేండ్లుగా నున్నది. జాబితా శుద్ధియైన యెడల ఆ నిందయు పోవును. మా ప్రశ్న యొక్కటే: నూటికి ఎనుబది మంది "ఇల్లు మారినవారు" అని వ్రాయబడిరే, వారిలో ప్రతివానిని ఎవరైన అడిగిరా? తలుపు తట్టిరా? చావునకు ధ్రువపత్ర ముండును. ఇల్లు మారుటకు ఏ పత్రమును లేదు. తలుపు తట్టిననాడు పనికి పోయినవాడు సయితము "మారినవాడే" కావచ్చును.

చట్టము దీనిని ఎప్పుడో చెప్పియున్నది. 1950 నాటి చట్టము 22వ సెక్షను ప్రకారము, ఇల్లు మారెననియో అర్హుడు కాడనియో పేరు తీసివేయుటకు ముందు ఆ మనిషి చెప్పుకొనుటకు అవకాశ మీయవలెను. 1995లో లాల్‌బాబు హుస్సేన్ దావాలో సుప్రీంకోర్టు మరింత స్పష్టముగా చెప్పినది: ఒకసారి జాబితాలో పేరెక్కెనన్న అది సక్రమముగా ఎక్కినదనియే భావింపవలెను, నోటీసు, విచారణ లేక దానిని కదల్పరాదు. చట్టము మనిషిని పిలిచి విన్న పిమ్మట తీర్పు చెప్పుమనును. యంత్రము తీర్పు చెప్పిన పిమ్మట మనిషిని వచ్చి మొరపెట్టుకొమ్మనును. వ్యవహారమంతయు ఇచ్చట తలక్రిందులైనది.

యంత్రము వేగమును దుర్మార్గునకును సమానముగ నిచ్చును. పూర్వము ఒకని పేరు తీసివేయింపవలెనన్న ఆఫీసునకు పోయి, ఫారము 7 వ్రాసి, సంతకము చేయవలెను. నేడు ఇంట కూర్చుండి పంపవచ్చును. 2019 ఆరంభమున ఆంధ్రప్రదేశమున అట్టి ఫారములు లక్షలకొలది వచ్చిపడినవి. తమకు తెలియకయే తమ పేరుతో ఫారము పోయినదని పలువురు మొరపెట్టిరి. పోలీసు కేసులు నమోదైనవి. ఒకప్పటి నిజాము రాష్ట్రములోనిదే యైన కలబురిగి జిల్లా ఆళంద నియోజకవర్గమున, 2023 కర్ణాటక యెన్నికకు ముందు 6,018 తొలగింపు అర్జీలు యంత్రముద్వారా వచ్చినవి. అధికారులు ఒక్కొక్కదానిని విచారింపగా సరియైనవి 24. తక్కినవన్నియు కొట్టివేయబడినవి. ఆ 5,994 మంది వోటును కాపాడినది ఏది? మనిషి విచారణ. ఆ పేచీ బయటికి వచ్చిన పిమ్మట 2025 సెప్టెంబరులో అర్జీ పంపువాని గుర్తింపును సరిచూచు క్రొత్త ఏర్పాటు వచ్చినది. ముందే రావలసినది వెనుక వచ్చినది, వచ్చినందుకు సంతోషమే.

ఇక ముఖమును చూచి మనిషిని పోల్చు యంత్రము. 2020 జనవరి 22న మునిసిపల్ ఎన్నికలలో, కొంపల్లిలోని పది కేంద్రములందు దానిని ప్రయోగించిరి. 2021 అక్టోబరులో ఖమ్మము జిల్లాలో చేతి ఫోనుద్వారా వోటు వేయు ప్రయోగమును నమూనాగా జరిపిరి. మంచము దిగలేని ముసలివారికి, వికలాంగులకు ఇట్టివి ఉపకరింపవచ్చును. కాని ఇంటిలో వేయు వోటును ఇంటి యజమాని చూచుచుండడా? వోటు కొన్నవాడు ప్రక్కనే నిలుచుండడా? రహస్యపు గది యను ఆ చిన్న అట్టముక్క తెర బీదవానికి ఇచ్చిన ధైర్యమును ఏ ఫోనును ఇంకను ఇయ్యలేదు.

యంత్రమునే న్యాయమునకు వినియోగింపుడు

కావున మేము యంత్రమును వలదనుట లేదు. దాని ముఖమును ప్రజలవైపు త్రిప్పుమనుచున్నాము. 2018లో ఒక దావా జరిగినది. అధికారులయొద్ద జాబితా అక్షరములుగా నున్నది. యంత్రముతో క్షణములో వెదకవచ్చును. ప్రజలకిచ్చునది బొమ్మవలె నున్న జాబితా; ఒక్కొక్క పుటను కంటితో చదువుకొనవలెను. అక్షరముల జాబితాయే ఇప్పింపుడని కాంగ్రెసు నాయకుడు కమలనాథ్ అడుగగా సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. తీసివేయువానికి యంత్రపు కన్ను, వెదకికొనువానికి భూతద్దము! ఇది సమానమైన పోరు కాదు.

2025లో బీహారు జాబితా సవరణలో ఆగస్టు 1 నాటి ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకపోయెను. ఆ నెల 14న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు మేము కోరునదానికి మిక్కిలి దగ్గరగా నున్నది: తొలగించిన ప్రతివాని పేరును, తొలగింపునకు గల కారణమును ప్రచురింపుడు, కార్డు నంబరుతో వెదకుటకు వీలు కల్పింపుడు, స్థానిక కార్యాలయములలో అంటింపుడు. మంచి యంత్రము చేయవలసిన పని ఇది. ఒక మనిషి ఇల్లు మారెనని అనుమానించుటకు యంత్రమును వాడవచ్చును. ఆ అనుమానమును అతనికి తెలియజేయుటకు అదే యంత్రమును, అతని ఫోనునకు అతని భాషలో, అది తెలుగైనను ఉర్దూయైనను, వాడవలెను. తీర్పు మాత్రము మనిషియే మనిషిని విని చెప్పవలెను.

చేయవలసిన పని

చివరకు వకీలుగా ఒక హెచ్చరిక. పెట్టెలో అన్యాయము జరిగినచో ఎన్నిక తరువాత 45 దినములలోపల హైకోర్టులో దావా వేయవచ్చును. మీ వోటును మరియొకడు ముందే వేసిపోయినచో, మీరు ప్రిసైడింగు అధికారిని అడిగి టెండరు వోటు వేయవచ్చును. చీటిపై తప్పు గుర్తు కనబడినచో అచ్చటికచ్చటే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవచ్చును. కాని జాబితాలో పేరు లేనిచో పోలింగునాడు ఏ మందును లేదు. జాబితా తగవులలో సివిలు కోర్టులు జోక్యము చేసికొనరాదని 1950 నాటి చట్టము 30వ సెక్షను చెప్పుచున్నది. నామినేషన్ల గడువు దాటిన పిమ్మట ఆ యెన్నికకు ఆ జాబితాయే శాసనము. అంతకు ముందే ఫారము 6 వ్రాయవలెను. అంతకు ముందే జిల్లా అధికారికి అప్పీలు చేయవలెను. రోగము వచ్చిననాడు దొరకని మందును ముందుగనే కొని యింట నుంచుకొనవలెను గదా!

ఈ పఠనమందిరమున ప్రతి సాయంకాలము పత్రికలను బిగ్గరగా చదువు ఆచారము మన పెద్దలు నెలకొల్పిరి. చదువురానివారు చుట్టు కూర్చుండి వినెడివారు. ముసాయిదా జాబితా వచ్చిననాడు దానిని అట్లే చదువుదము. ఒక్కొక్క వీథి పేరు, ఒక్కొక్క ఇంటి నంబరు చదువుచుండగా, ఆ వీథివారు "ఉన్నాడు", "పోయినాడు", "మారినాడు" అని చెప్పుదురు. మృతుని పేరున్నచో అతడు మనవాడైనను తీసివేయుమని మనమే వ్రాయుదము. బ్రతికినవాని పేరు లేనిచో అతడు మన పక్షమువాడు కాకున్నను చేర్పించుదము. పక్షము చూచి చేయు సేవ సేవ కాదు. పోలింగు ముగిసిననాడు ప్రతి ఏజెంటును ఫారము 17సీ ప్రతిని సంతకముతో తీసికొని, లెక్కింపునాటి అంకెతో సరిచూడవలెను.

మరియొక సంగతి చెప్పక తప్పదు. 2024 మే 13న హైదరాబాదు లోక్‌సభ స్థానమున వోటు చేసినవారు నూటికి యాభైమంది లేరు. జాబితాలో పేరుండియు ఇంట కూర్చున్నవారు ఏ యంత్రమును నిందింతురు? పేరు లేక వీథి మలుపున నిలుచున్న ఆ వృద్ధుని యెదుట వారు తలయెత్తగలరా?

ఆ వృద్ధుని సంగతి ఏమైనదని మీరడుగవచ్చును. ఆ మరునాడే ఆయనచే ఫారము వ్రాయించితిమి. సంతకము చేయునపుడు ఆయన నవ్వుచు, "వకీల్‌సాబ్, బతికే ఉన్నానని గట్టిగా రాయండి" అనెను. 2019 ఏప్రిల్‌లో వచ్చి వోటు చేసి, సిరాగుర్తు గల వ్రేలు మా బల్లపై నుంచి చూపెను. వంద యంత్రముల లెక్కకంటె ఆ వ్రేలు మాకు గట్టి సాక్ష్యముగా తోచెను.

ప్రజాప్రభుత్వమున ప్రజ తాను బ్రతికియున్నానని ఎన్నడును నిరూపించుకొన నక్కరలేకుండ చేయుటయే ఎన్నికల న్యాయము. ఆ నిరూపణ భారము పేరు తీసివేయువానిపై నుండవలెను. అది నెరవేరువరకు మన బల్ల ఆ వేపచెట్టు క్రిందనే యుండును. ఈ సభనుండి పదిమంది సేవకులైనను ఆ బల్లయొద్దకు రాగలరని నమ్మి, మీయొద్ద సెలవు గైకొనుచున్నాము.